చేవెళ్ల పేరు నిలిచింది, నియోజకవర్గం నిలవలేదు

చేవెళ్ల శాసనసభ్యుల జాబితా ఎక్కడ చూసినా ఒకే వరసలో ఉంటుంది. పట్లోళ్ల ఇంద్రారెడ్డి, ఆయన తర్వాత సబితా ఇంద్రారెడ్డి, ఆ కింద కె.ఎస్. రత్నం, ఆపైన కాలె యాదయ్య. చదివేవాళ్లకు ఇది ఒకే నియోజకవర్గం, ఒకే ఓటర్లు, మారింది మనుషులూ పార్టీలే అనిపిస్తుంది. రాజేంద్రనగర్ జాబితా తీస్తే అది 2009లో తొల్కంటి ప్రకాశ్ గౌడ్‌తో మొదలవుతుంది, అంతకు ముందు అక్కడ ప్రజాప్రతినిధే లేనట్టు. ఈ రెండూ తప్పుదారి పట్టించే పట్టికలే. 2008 దాకా శంషాబాద్, రాజేంద్రనగర్ ప్రాంతాలు చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలోనే ఉండేవి. ఆ ఏడాది పునర్విభజనలో చేవెళ్ల అనే పేరు పడమటి మండలాలకు మిగిలింది. తూర్పు భాగం రాజేంద్రనగర్ అయింది. నా వాదన ఒక్కటే: పాత చేవెళ్ల ఒక రద్దయిన నియోజకవర్గం. దాన్ని రద్దయినదిగా గుర్తించకపోవడం వల్ల శంషాబాద్ ప్రాంతం తన రాజకీయ చరిత్రనే కాదు, తన ప్రతినిధుల్ని లెక్క అడిగే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంది.

కొత్త గీతలు 2008 ఫిబ్రవరి 19న రాష్ట్రపతి ఉత్తర్వుతో అమల్లోకి వచ్చాయి. మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. విమానాశ్రయ ప్రాంతం కోసం ప్రత్యేకంగా పెట్టిన అభివృద్ధి సంస్థ హడా అదే ఏడాది హెచ్ఎండీఏలో కలిసిపోయింది. నవంబర్‌లో ఔటర్ రింగు రోడ్డులో తొలి భాగం, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు, మొదలైంది. శంషాబాద్ భూమి విలువా బతుకుదెరువూ తలకిందులైన ఆ పది నెలల్లోనే దాని శాసనసభ స్థానం మారింది, ప్రణాళికా సంస్థ మారింది, ఎంపీ స్థానం కూడా మారింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. పునర్విభజన కమిషన్ జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన 2001 జనాభా లెక్కల ఆధారంగా దేశంలోని చాలా రాష్ట్రాల్లో చేసిన పని అది. కాకతాళీయమే అయినా దాని ఫలితాలు మాత్రం శంషాబాద్ జనమే మోశారు.

పాత చేవెళ్ల చిన్నాచితకా స్థానం కాదు. కొండా లక్ష్మారెడ్డి లాంటి వారిని శాసనసభకు పంపిన చోటు అది. 1985లో తెలుగుదేశం తరఫున గెలిచిన ఇంద్రారెడ్డి 1989లో, 1994లో మళ్లీ గెలిచారు. ఎన్టీఆర్ మంత్రివర్గంలో హోంమంత్రి అయ్యారు. 1995లో పార్టీ చీలినప్పుడు ఎన్టీఆర్ వెంటే నిలిచారు. తర్వాత జై తెలంగాణ పార్టీ పెట్టారు. అటుపైన కాంగ్రెస్‌లోకి వెళ్లి 1999లో నాలుగోసారి గెలిచారు. తెలుగుదేశం ప్రభంజనంలోనూ ఆ తర్వాతా ఒకే మనిషిని గెలిపించిన నియోజకవర్గానికి పార్టీ జెండా కంటే మనిషి ముఖ్యమని అర్థమవుతుంది. 2000 ఏప్రిల్‌లో ఆయన రోడ్డు ప్రమాదంలో మరణించాక ఉపఎన్నికలో సబితా ఇంద్రారెడ్డి గెలిచారు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ల నుంచే మొదలుపెట్టారు. 2004లో సబిత మళ్లీ గెలిచి గనుల మంత్రి అయ్యారు. 2005 మార్చి 16న సోనియా గాంధీ విమానాశ్రయానికి శంకుస్థాపన చేసిన నాటికి శంషాబాద్ శాసనసభ్యురాలు ఆమే. దాదాపు అయిదున్నర వేల ఎకరాల విమానాశ్రయం పునాది నుంచి ప్రారంభం దాకా కట్టిన ఆ మూడేళ్లూ ఆ ఊళ్ల తరఫున అసెంబ్లీలో మాట్లాడాల్సిన బాధ్యత చేవెళ్ల సభ్యురాలిది.

2009 ఎన్నికలు వచ్చాయి. మామూలుగా అయితే ఆ ఎన్నిక శంషాబాద్ ఓటరు తీర్పు చెప్పే సందర్భం. విమానాశ్రయం వల్ల లాభపడినవాడు మెచ్చుకునేవాడు, భూమి పోయినవాడు నిలదీసేవాడు. ఆ రెండూ జరగలేదు. చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు అయింది. సబితా ఇంద్రారెడ్డి పక్కనే కొత్తగా ఏర్పడిన మహేశ్వరానికి వెళ్లి అక్కడ గెలిచారు, రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. శంషాబాద్ ఓటరు ముందు నిలబడిన అభ్యర్థుల్లో ఎవరూ గత అయిదేళ్ల ఎమ్మెల్యే కాదు. ఓటు వేయడంలో రెండు పనులుంటాయి: రేపటి మనిషిని ఎంచుకోవడం, నిన్నటి మనిషికి మార్కులు వేయడం. 2009లో శంషాబాద్‌కు మొదటిది మాత్రమే దక్కింది. నేను సబితా ఇంద్రారెడ్డిని తప్పుపట్టడం లేదు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు, జనరల్ అభ్యర్థికి చేవెళ్లలో చోటే లేదు. తప్పల్లా గీత మారినప్పుడు పాత ఖాతా ఎవరికి బదిలీ అవుతుందో చెప్పే ఏర్పాటు మన వ్యవస్థలో లేకపోవడం.

ఖాతా బదిలీ కాకపోతే ఏమవుతుందో శంషాబాద్ పాలనా చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2007లో రాజేంద్రనగర్ మున్సిపాలిటీని జీహెచ్ఎంసీలో కలిపారు, శంషాబాద్‌ను కలపలేదు. మరుసటి ఏడాది ఈ రెండింటినీ ఒకే శాసనసభ స్థానంలో పెట్టారు. దాంతో ఒకే ఎమ్మెల్యే కింద సగం మహానగర డివిజన్లు, సగం గ్రామ పంచాయతీలు. దేశ విదేశాల విమానాలు దిగే ఊరు 2018లో మున్సిపాలిటీ అయ్యేదాకా గ్రామ పంచాయతీగానే ఉంది. హోటళ్లు, గోదాములు, అపార్ట్‌మెంట్లు పెరుగుతుంటే మురుగునీటి కాలువా వీధి దీపమూ చెత్త సేకరణా అన్నీ సర్పంచి నెత్తినే. 2016లో జిల్లాల ముసాయిదా వచ్చినప్పుడు అందులో శంషాబాద్ పేరుతోనే ఒక జిల్లా ఉంది. అక్టోబర్ 11న జిల్లాలు ఏర్పడేనాటికి ఆ పేరు పోయి రంగారెడ్డి మిగిలింది. కలెక్టరేట్ చివరికి కొంగర కలాన్‌లో కట్టారు. 2025 చివర్లో శివారు మున్సిపాలిటీలతో పాటు శంషాబాద్‌నూ మహానగర పాలక సంస్థలో కలిపారు. అంటే పది పన్నెండేళ్ల వ్యవధిలో పంచాయతీ, జిల్లా కేంద్రం కావచ్చునన్న ఆశ, మున్సిపాలిటీ, ఆ తర్వాత నగరంలో వార్డులు. ఒక్కో మార్పుకూ దాని కారణాలు దానికి ఉండి ఉంటాయి. కానీ ఈ మార్పులన్నిటిలో మొదటి నుంచి చివరిదాకా ఈ ఊరి పక్షాన మాట్లాడిన ఒక గొంతు, ఒక స్థిరమైన ప్రాతినిధ్యం కనిపించదు.

లోక్‌సభ సంగతి ఇంకా లోతైనది, మన చర్చల్లో అసలు రానిది కూడా. 2008కి ముందు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో తాండూరు, వికారాబాద్, చేవెళ్ల ఉండేవి. వాటితో పాటు కార్వాన్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా. తాండూరు కంది రైతూ చార్మినార్ గాజుల వ్యాపారీ కలిసి ఒకే ఎంపీని ఎన్నుకునేవారు. అందుకే 1984 నుంచి సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ, 2004లో అసదుద్దీన్ ఒవైసీ శంషాబాద్‌కూ ఎంపీలే. 1996లో ఎం. వెంకయ్యనాయుడు ఈ స్థానంలో పోటీ చేసి ఓడిపోయారు. ఈ స్థానాన్ని చాలామంది అతుకుల బొంతగా కొట్టిపారేస్తారు. పాతబస్తీకీ పల్లెలకూ పొత్తేమిటని అడుగుతారు. నాకు మాత్రం ఆ పొత్తు మూసీ నదిలో కనిపిస్తుంది. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. చేవెళ్ల ప్రాంతం మీదుగా వచ్చి ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. దాని ఉపనది ఈసీ శంషాబాద్ పక్కన హిమాయత్‌సాగర్ నింపుతుంది. అక్కడి నుంచి నది కార్వాన్ దాటి పాతబస్తీ ఒడ్డున పారుతుంది. 1908 వరద నగరాన్ని ముంచాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఎగువ పల్లెలు తమ నీటిని వదులుకుంటే దిగువ నగరం తాగింది, వరద నుంచి బయటపడింది. ఆ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ 2008 దాకా ఒకే ఎంపీ ఓటర్లు. గీత గీసినవాళ్లు నదిని చూసి గీశారని నేను అనను. అయినా ఆ గీతలో నది ఇమిడింది.

ఈ విషయం ఇంకాస్త దగ్గరగా చూడాలంటే జీవో 111 చాలు. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు రెండు జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై కట్టుబాట్లు పెట్టింది. శంషాబాద్, రాజేంద్రనగర్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, కొత్తూరు మండలాలకు అది వర్తించింది. ఆ రోజు ఈ గ్రామాల్లో చాలావాటికి ఎమ్మెల్యే ఒక్కరే, ఇంద్రారెడ్డి. ఎకరం అమ్ముకోలేని మొయినాబాద్ రైతు గోడూ, కట్ట కింద ఇళ్లు పెరుగుతున్న రాజేంద్రనగర్ భయమూ ఒకే మనిషి దగ్గరికి వెళ్లేవి. అతనే రెండు వైపులా సర్దిచెప్పాలి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో పాత కట్టుబాట్లను తీసేసేనాటికి అదే పరీవాహకం చేవెళ్ల, రాజేంద్రనగర్ స్థానాల మధ్య విడిపోయి ఉంది. ఒకరి ఓటర్లలో భూమి యజమానుల ఒత్తిడి, ఇంకొకరి ఓటర్లలో వరద భయం. ఇప్పుడు ఔటర్ మీద గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వస్తుంటే హిమాయత్‌సాగర్ కట్టకు ఆనుకునే వెళతాం. వానాకాలంలో గేట్లు ఎత్తితే ఆ సర్వీసు రోడ్డు మూసేస్తారు. ఆ నీటి వల్ల నష్టపోయేవాడి ఎమ్మెల్యే, ఆ నీరు వచ్చే పైభూముల ఎమ్మెల్యే ఇప్పుడు ఒకరు కాదు. అందుకే ఎవరూ రెండు వైపులా సర్దిచెప్పాల్సిన పని లేదు.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. ఓటు విలువ సమానంగా ఉండాలంటే జనాభాను బట్టి గీతలు మార్చక తప్పదు. నగరం పెరిగింది. పాత ఖైరతాబాద్ ఎంత పెద్దదైందో అందరికీ తెలుసు. పాత చేవెళ్లను అలాగే ఉంచితే రాజేంద్రనగర్ కాలనీల జనానికి అన్యాయం జరిగేది. ఈ సూత్రాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంగ్లండ్‌లో ఓల్డ్ శారమ్ అనే పాడుబడ్డ దిబ్బ 1832 వరకు ఇద్దరు సభ్యుల్ని పంపేది. పాతదని దేన్నీ పట్టుకు వేలాడితే అలాంటి గతే పడుతుంది. కానీ 2008 గీతలు ఆ సమానత్వాన్నయినా ఇచ్చాయా? 2023 నాటికి శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకు పైగా ఓటర్లు, భద్రాచలంలో లక్షన్నర లోపు. పక్కపక్కనే ఉన్న చేవెళ్లకూ రాజేంద్రనగర్‌కూ మధ్య కూడా ఇప్పుడు రెండింతల తేడా ఉంది. పెరుగుతున్న నగరం అంచున సమానత్వం పదేళ్లు కూడా నిలవదు. నిలవని దాని కోసం, నిలిచి ఉండాల్సిన నదినీ ఊళ్ల బంధాన్నీ లెక్కలోంచి తీసేయడం సబబు కాదు. పైగా చట్టమే అలా చెప్పలేదు. 2002 పునర్విభజన చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం నియోజకవర్గాలు భౌగోళికంగా ఒక్కచోట ఉండాలి, భౌతిక స్వరూపం, పాలనా సరిహద్దులు, రాకపోకలు, ప్రజల సౌకర్యం చూడాలి. జలాశయ పరీవాహకం కంటే గట్టి భౌతిక స్వరూపం ఈ ప్రాంతంలో ఇంకేముంది?

రెండో అభ్యంతరం సామాజిక న్యాయానికి సంబంధించినది. పాత చేవెళ్ల రెడ్డి కుటుంబాల చేతుల్లో ఉండేది, రిజర్వేషన్‌తో ఆ పట్టు తెగింది, ఎస్సీ ప్రతినిధులు వచ్చారు, ఇంతకంటే ఏం కావాలని అడుగుతారు. ఎస్సీ స్థానం కావడం మంచిదే. అందులో నాకు రెండో మాట లేదు. అప్పటిదాకా రిజర్వుడుగా ఉన్న ఇబ్రహీంపట్నం జనరల్ అయింది, చేవెళ్ల రిజర్వుడు అయింది. అయితే పెద్ద కుటుంబాల పట్టు తెగిందన్న మాట నిజం కాదు. ఒక కుటుంబం మహేశ్వరం వెళ్లి 2009, 2018, 2023లో గెలిచింది. ఆ కుటుంబం నుంచే 2014లో కార్తీక్ రెడ్డి చేవెళ్ల లోక్‌సభకు పోటీ చేశారు. అక్కడ గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి, రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి మనవడు. గీత మారితే పెద్దవాళ్లు గీత దాటి పక్క చోటికి వెళతారు. దాటలేనిది ఓటరే. రిజర్వేషన్ అవసరమైతే పరీవాహకాన్ని ముక్కలు చేయకుండానే, ఎస్సీ జనాభా ఎక్కువున్న చోట పెట్టే అవకాశం చట్టంలో ఉంది.

ఇక ఎమ్మెల్యే ఎవరైనా శంషాబాద్ పెరిగేదే, విమానాశ్రయం రప్పించింది హైదరాబాద్, ఢిల్లీలే కానీ చేవెళ్ల కాదు అన్న మాట ఒకటుంది. నిజమే. కానీ విమానాశ్రయం తేవడం ఎమ్మెల్యే పని కాదు. అది వచ్చాక ఊరికి ఏం మిగలాలో చూడటం అతని పని. పరిహారం ఫైలు వెంట పడటం, పంచాయతీకి పన్ను వాటా అడగడం, రోడ్డు వేసేటప్పుడు చెరువు తూము మూసుకుపోకుండా చూడటం. ఇవన్నీ పాత ఒప్పందాలు గుర్తున్నవాడు చేసే పనులు. పార్టీలు ఆ జ్ఞాపకం మోస్తాయనుకుంటే ఈ ప్రాంతంలో అదీ లేదు. విశ్వేశ్వర్ రెడ్డి 2014లో టీఆర్ఎస్ నుంచి గెలిచి, 2019లో కాంగ్రెస్ నుంచి ఓడి, 2024లో బీజేపీ నుంచి గెలిచారు. 2019లో టీఆర్ఎస్ నుంచి గెలిచిన రంజిత్ రెడ్డి 2024లో కాంగ్రెస్ అభ్యర్థి. ప్రకాశ్ గౌడ్ తెలుగుదేశం నుంచి రెండుసార్లు గెలిచి టీఆర్ఎస్‌లోకి, 2023లో బీఆర్ఎస్ నుంచి గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారు. 268 ఓట్ల తేడాతో 2023లో బీఆర్ఎస్ నుంచి గెలిచిన కాలె యాదయ్యదీ అదే దారి. పార్టీ నిలకడ లేని చోట నియోజకవర్గపు నిలకడ ఒక్కటే ఓటరు చేతిలో మిగిలే పగ్గం. 2008లో అదీ పోయింది.

ఇది శంషాబాద్‌కు కొత్త కాదు, హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాంతానికంతా పాత అలవాటు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నగరం పక్కన ఇబ్రహీంపట్నం, వికారాబాద్ పేర్లతో లోక్‌సభ స్థానాలు ఉండేవి. ఇబ్రహీంపట్నం నుంచి సాదత్ అలీ ఖాన్, వికారాబాద్ నుంచి ఎస్.ఎ. ఎబెనెజర్ గెలిచారు. 1957లో వికారాబాద్ సంగం లక్ష్మీబాయిని ఎన్నుకుంది. తర్వాత ఆ స్థానం పోయింది, ఆమె మెదక్ వెళ్లి 1962లో, 1967లో గెలిచారు. సైదాబాద్‌లో ఇందిరా సేవాసదన్ స్థాపించిన ఆ స్వాతంత్ర్య యోధురాలు వికారాబాద్‌కు ఎంపీగా పనిచేశారన్నది ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసు? స్థానం పోతే ఆ ప్రతినిధి కూడా ఊరి చరిత్రలోంచి జారిపోతారు. లక్ష్మీబాయి మెదక్ మనిషిగానే గుర్తుండిపోయారు. శంషాబాద్ విషయంలో కూడా అదే జరుగుతోంది. ఇంద్రారెడ్డి చేవెళ్ల నేత, ఒవైసీలు పాతబస్తీ నేతలు. శంషాబాద్ పాఠశాల పిల్లలకు తమ ఊరికి విమానాశ్రయానికి ముందు ప్రతినిధులే లేరనిపిస్తుంది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 2008లో ఏర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానం అంత చెడ్డది కాదు. వికారాబాద్, తాండూరు, పరిగి, చేవెళ్ల, రాజేంద్రనగర్, మహేశ్వరం, శేరిలింగంపల్లి దానిలో ఉన్నాయి. మూసీ పుట్టుక నుంచి జలాశయాల దాకా ఎగువ భాగమంతా ఒక ఎంపీ కింద ఉంది. 2009లో గెలిచిన ఎస్. జైపాల్ రెడ్డి కేంద్రమంత్రిగా ఉండటం ఆ ప్రాంతానికి గొంతు ఇచ్చింది కూడా. తెగింది దిగువ బంధం. పాతబస్తీని ముంచే నీరు ఎక్కడి నుంచి వస్తుందో ఆ ఊళ్ల ఓట్లతో ఇప్పుడు హైదరాబాద్ ఎంపీకి పని లేదు. ఎగువ భూముల్లో కాంక్రీటు ఎంత పరుస్తారన్నది పాతబస్తీ ఓటరు చేతిలో లేదు. శాసనసభ స్థాయిలో పోగొట్టుకున్నంత లోక్‌సభ స్థాయిలో పోలేదు, అంతే.

రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు సీట్ల సంఖ్యను స్తంభింపజేశారు. 2014 విభజన చట్టం తెలంగాణ శాసనసభను 119 నుంచి 153కు పెంచుకోవచ్చని చెప్పినా, అది వెంటనే అమలు చేయాలన్న వ్యాజ్యాన్ని 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కాబట్టి తర్వాతి గీతలు జనగణన తర్వాతే వస్తాయి. అవి వచ్చినప్పుడు హైదరాబాద్ శివారే అన్నిటికంటే ఎక్కువ ముక్కలవుతుంది. శంషాబాద్ మళ్లీ వేరే పేరులోకి వెళుతుంది. ఆలోగా ఎన్నికల సంఘం, జిల్లా యంత్రాంగం కలిసి చేయగలిగిన పని ఒకటుంది: ప్రతి గ్రామానికీ ప్రతి వార్డుకూ 1952 నుంచి అది ఏ నియోజకవర్గంలో ఉందో, ఎవరు ప్రాతినిధ్యం వహించారో పోలింగ్ కేంద్రాల వారీగా ఒక చోట ప్రచురించాలి. ఆ వివరాలన్నీ పాత గెజెట్లలో ఉన్నవే, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు.

గత కమిషన్ లాగే రాబోయే కమిషన్ కూడా ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరపాల్సి ఉంటుంది. కమిషన్‌కు అనుబంధ సభ్యులుగా ఉండే ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ ఓటు ఉండదు, సంతకం చేసే హక్కూ ఉండదు. ఉత్తర్వు వెలువడ్డాక కోర్టుకు వెళ్లినా ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే మాట చెప్పాల్సింది ముసాయిదా రోజుల్లోనే. శంషాబాద్, మొయినాబాద్, రాజేంద్రనగర్, షాబాద్ మండలాల పెద్దలు, రైతు సంఘాలు, కాలనీ సంఘాలు ఆ విచారణకు కలిసి వెళ్లండి. జలాశయాల పరీవాహకాన్ని ఒకే శాసనసభ స్థానంలో ఉంచమని లిఖితపూర్వకంగా అడగండి. ఆ వినతిపత్రంలో 84 గ్రామాల పేర్లూ రాయండి.